మోర్గనాటిక్ పెళ్ళిని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మొదటి ప్రపంచయుద్ధం మీద పిల్లల కోసం ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1914 జూన్ 28న సరాయెవోలో ఆస్ట్రియా-హంగరీ సింహాసన వారసుడు ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌తో పాటు చనిపోయిన ఆయన భార్య సోఫీ దగ్గర కలం ఆగిపోయింది. వాళ్ళది ‘మోర్గనాటిక్ మ్యారేజ్’ అని ఉంది. నేను ‘రహస్య వివాహం’ అని రాశాను. మా అక్క చదివి, "చర్చిలో అందరికీ తెలిసేలా చేసుకున్నది రహస్యమెట్లా అవుతుందిరా?" అంది. ‘కులాంతర వివాహం’ అంటే సరిపోతుందా?

జవాబు:
అన్నా, ‘అనులోమ వివాహం’ అనొచ్చు కదా? భర్తది పై స్థాయి, భార్యది కింది స్థాయి. ధర్మశాస్త్రాల్లో రెడీమేడ్‌గా ఉన్న మాట, టెన్షన్ లేకుండా వాడేయండి.

జవాబు:
మీ అక్కగారు చెప్పింది నిజం, రహస్యం ఏమీ లేదు. 1900 జులై 1న బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) రైఖ్‌స్టాట్ కోటలో పెళ్ళయింది. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ రాలేదు, పెళ్ళికొడుకు సొంత తమ్ముళ్ళూ రాలేదు. ఆయన వైపు నుంచి వచ్చింది సవతి తల్లి, ఆవిడ ఇద్దరు కూతుళ్ళు. చుట్టాలు ముఖం చాటేసిన పెళ్ళి తప్ప చాటుమాటు పెళ్ళి కాదు.

‘అనులోమం’ కూడా కుదరదు తమ్ముడూ. అది వర్ణం లెక్క. సోఫీ ఏమీ కింది ఇంటి పిల్ల కాదు. ఖోటెక్‌లది బొహీమియాలో తరతరాలుగా కౌంట్ల వంశం, తండ్రి దౌత్యవేత్త. మన లెక్కలో మంచి జమీందారీ ఆడపడుచు. అయితే ఆస్ట్రియాను ఏలిన హాప్స్‌బర్గ్ ఇంటి చట్టం ప్రకారం ఆ ఇంటి మగవాడు రాజ్యమేలే వంశంలోనో, ఒకప్పుడు ఏలిన వంశంలోనో చేసుకోవాలి. కౌంట్ కూతురు చాలదు. జర్మన్‌లో ఈ సమానతను ‘ఎబెన్‌బ్యుర్టిగ్’ అంటారు, పుట్టుకలో సరిసమానం అని. మన దగ్గర దీనికి అచ్చమైన మాట ఉంది. "వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలి" అంటాం కదా, ఆ ‘సమవుజ్జీ’.

ఇక ‘మోర్గనాటిక్’ అసలు అర్థం వేరు. జర్మన్‌లో ‘మోర్గెన్’ అంటే ఉదయం, ‘గాబె’ అంటే కానుక. పెళ్ళయిన మర్నాటి ఉదయం భర్త భార్యకిచ్చే కానుక ‘మోర్గెన్‌గాబె’. పాత లాటిన్‌లో అదే కాస్త వంకర తిరిగి ‘మోర్గనాటికా’ అయింది. ఈ పెళ్ళిలో భార్యకు దక్కేది ఆ కానుకే, హోదాలోనూ వారసత్వంలోనూ వాటా అడగకూడదు అని భావం.

కానుక వరకే తెలుగు చేద్దామన్నా చిక్కే. కన్యాశుల్కం తండ్రి చేతికి పోతుంది. అరణం పుట్టింటి నుంచి వస్తుంది. భర్త నేరుగా భార్యకే ఇచ్చేది, ఆమె సొంతమయ్యేది అంటే మన ఊళ్ళలో అందరికీ తెలిసిన మాట, ముస్లిం పెళ్ళిళ్ళలోని ‘మెహర్’. కానీ మెహర్ అందుకున్న భార్యకు హక్కులు తగ్గవు. కాబట్టి కానుక వరకు ఉపమానంగా పనికొస్తుంది, పెళ్ళికి పేరుగా పనికిరాదు.

జవాబు:
మాస్టారూ, దీన్నే ‘ఎడమచేతి పెళ్ళి’ అని కూడా అంటారని ఎక్కడో చదివాను. అది పెట్టేస్తే పిల్లలకి సులువు కదా?

జవాబు:
ఆ పేరుంది. మామూలుగా పెళ్ళికొడుకు కుడిచెయ్యి ఇస్తాడు, ఇలాంటి పెళ్ళిలో ఎడమచెయ్యి ఇచ్చే ఆచారం ఉండేది, అందుకు ఆ మాట. మనకి మాత్రం ఎడమ అంటే రెండు రకాలు. ఎడమచేత్తో ఇస్తే అవమానం, నిజమే. కానీ భార్య స్థానం భర్తకు ఎడమపక్కే. "వామాంకస్థిత జానకీ" అని రోజూ చదువుకునేవాళ్ళకి ‘ఎడమచేతి పెళ్ళి’ అంటే సగంమందికి మర్యాదగానే వినిపిస్తుంది.

ఇందాకటి సామెతలోనే నాకు జవాబు కనిపిస్తోంది. మనకి పెళ్ళి వేరు, వియ్యం వేరు. పెళ్ళి ఇద్దరి మధ్య, వియ్యం రెండు ఇళ్ళ మధ్య. ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌కీ సోఫీకీ పెళ్ళి అయింది. హాప్స్‌బర్గ్‌లకీ ఖోటెక్‌లకీ వియ్యం కుదరలేదు. పెళ్ళికి మూడు రోజుల ముందు, 1900 జూన్ 28న, వియన్నా హోఫ్‌బర్గ్ ప్యాలెస్‌లో చక్రవర్తి ఎదుట ఆయన ప్రమాణం చేశాడు: ఈమె ఎన్నటికీ సామ్రాజ్ఞి కాదు, ఈమెకు పుట్టే పిల్లలు సింహాసనం అడగరు అని. సరిగ్గా పద్నాలుగేళ్ళకు అదే తారీఖున ఇద్దరూ చనిపోయారు.

అందుకని నా ఓటు ‘వియ్యం లేని పెళ్ళి’కి.

ఇంకోటి. దొర భార్య దొరసాని, రాజు భార్య రాణి. మన భాష దానంతట అదే పట్టం కట్టేస్తుంది, ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. మీరు గబుక్కున ‘యువరాణి సోఫీ’ అని రాసేయకండి. ఆమెకు మొదట హోహెన్‌బర్గ్ ప్రిన్సెస్ అని, 1909లో డచెస్ అని విడిగా బిరుదులిచ్చారు. భర్త బిరుదు మాత్రం అంటనివ్వలేదు.

జవాబు:
మాస్టారికి నమస్కారం. ‘వియ్యం లేని పెళ్ళి’ అంటే మా వైపు లేచిపోయి చేసుకున్నారనో, పెద్దలకు మాటల్లేవనో అనుకుంటారండీ. చట్టం మాట అందులో వినిపించదు.

అన్నట్టు ఇంకో మాట కూడా చూసుకోండి. పెళ్ళికి ముందు సోఫీ ప్రెస్‌బర్గ్‌లో (ఇప్పటి బ్రాటిస్లావా) హాప్స్‌బర్గ్ ఇంటి కోడలు ఆర్చ్‌డచెస్ ఇసబెల్లా దగ్గర ‘లేడీ ఇన్ వెయిటింగ్’. దీన్ని ‘పరిచారిక’ అనో, ఇంకా ఘోరంగా ‘పనిమనిషి’ అనో రాస్తారు. గొప్పింటి ఆడపిల్లలే చేసే కొలువు అది. ‘చెలికత్తె’ కొంత నయం.

ఈ మాట ఎందుకు పట్టించుకోవాలంటే, చనిపోయాక కూడా ఆమెను వదల్లేదు. వియన్నాలో ఇద్దరి శవపేటికలూ పక్కపక్కన పెట్టారు గానీ ఆమెది కాస్త కిందకి దించి పెట్టారు. ఆయన పేటిక దగ్గర కిరీటం, కత్తి, పతకాలు. ఆమె పేటిక మీద తెల్లటి చేతి తొడుగులు, ఒక విసనకర్ర. చెలికత్తె గుర్తులన్నమాట. ముగ్గురు పిల్లల తల్లిని, పద్నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషిని, పెళ్ళికి ముందు చేసిన కొలువుకే తిప్పి పంపారు. హాప్స్‌బర్గ్‌ల సమాధుల్లో ఆమెకు చోటు దొరకదని ఆయనకు ముందే తెలుసు, అందుకే ఇద్దరికీ ఆర్ట్‌ష్టెటెన్‌లోని తన కోటలో సమాధి కట్టించుకున్నాడు.

జవాబు:
ఒప్పుకున్నానమ్మా, ‘లేచిపోవడం’ సంగతి నాకు తట్టలేదు. అయితే మొదటిసారి వచ్చినచోట ‘మోర్గనాటిక్ పెళ్ళి’ అనే ఉంచి, పక్కన ఒక వాక్యంలో విప్పి చెప్పడమే మేలు. ‘వియ్యం’ ఆ వాక్యంలోకి వస్తే నాకు తృప్తి. ‘చెలికత్తె’ బాగుంది, పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. ఇలా రాశాను, చూడండి: "వాళ్ళది మోర్గనాటిక్ పెళ్ళి. అంటే చట్టప్రకారం ఆమె భార్యే, కానీ ఆమె పుట్టింటితో రాజకుటుంబం వియ్యం ఒప్పుకోలేదు. ఆమెకు భర్త హోదా రాదు, పిల్లలకు సింహాసనం రాదు. దర్బారులో భర్త పక్కన నడిచే హక్కు లేక, ఆమె ఎక్కడో వెనక నడవాల్సి వచ్చేది."

ఈ ఆర్చ్‌డ్యూక్ 1893లో ప్రపంచయాత్ర చేస్తూ మన హైదరాబాదుకీ వచ్చాడని చదివాను. పిల్లలకి ఆసక్తిగా ఉంటుందని అదీ ఒక లైన్ చేర్చాను.

జవాబు:
బాగుంది. ‘ఎక్కడో వెనక’ తీసేసి ‘అందరికన్నా చివర’ అనండి. చిన్న చిన్న ఆర్చ్‌డచెస్‌లు కూడా ఆమెకన్నా ముందే నడిచేవాళ్ళు.