చెప్పుమూతి కొంగ అనవచ్చా?

ప్రశ్న: పిల్లల కోసం ఆఫ్రికా పక్షుల గురించి రాస్తున్నానండీ. బూటులాంటి పెద్ద ముక్కుండే షూబిల్ అనే పక్షిని 'బూటుముక్కు కొంగ' అన్నాను. చిత్తుప్రతి చూసిన స్నేహితుడు 'అది కొంగే కాదు' అని కొట్టేశాడు. ఏమనాలి?

జవాబు: ముందు బూటు సంగతి చూద్దాం. సూడాన్ అరబ్బీలో ఈ పక్షి పేరు 'అబూ మర్కూబ్'. మర్కూబ్ అంటే అక్కడివాళ్లు కాలు దూర్చి తొడుక్కునే తోలు జోడు. అబూ అంటే తండ్రే గానీ, ఇలాంటి చోట 'ఫలానాది ఉన్నవాడు' అని అర్థం, మనం 'గడ్డమాయన' అన్నట్టు. కాబట్టి బూటు కన్నా చెప్పు నయం. పాత మాట 'ముచ్చె' ఇంకా బాగా అతుకుతుంది గానీ, పిల్లలకు దానికో వివరణ రాయాలి. ముక్కు బదులు మూతి అనండి. తెడ్డుమూతి కొంగ మనకు ఉండనే ఉంది.

1850లో ఇంగ్లండు పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామం బెలీనిసెప్స్ రెక్స్. తిమింగిలం తల ఉన్న రాజు అని! నైలు నది ఎగువ నుంచి వచ్చిన చర్మాలు చూసి పెట్టిన పేరది. బతికున్న పక్షిని జమ్ములో రోజూ చూసేవాళ్లకు చెప్పు కనిపించింది. నా ఓటు వాళ్లకే.

ప్రశ్న: మాస్టారూ, మరి కొంగ?

ఇంకొకరి జవాబు: నేను పక్షులు చూసేవాణ్ణి, కలగజేసుకుంటున్నా. దీన్ని చాలాకాలం స్టార్కులనే పొడుగు కాళ్ల పక్షుల వరుసలో ఉంచారు. స్టార్కుల్లాగే ముక్కు టకటకలాడిస్తుంది మరి. ఎగిరేటప్పుడు మాత్రం మరో పొడుగు కాళ్ల పక్షి హెరాన్‌లా మెడ ముడుస్తుంది. 1957లోనే ఎముకలు పరిశీలించి పెలికాన్‌కు దగ్గరన్నారు, తర్వాత గుడ్డు పెంకు పొరా అదే చెప్పింది, డీఎన్ఏ ఖాయం చేసింది. ఇప్పుడు దీనికి దగ్గరి చుట్టాలు సుత్తితల హామర్‌కాప్, పెలికాన్. అయితే తమాషా ఏమిటంటే, హెరాన్లు కూడా ఆ పెలికాన్ల వరుసలోకే వచ్చాయి. మనం స్టార్కునీ హెరాన్‌నీ రెంటినీ కొంగే అంటాం కదా. మీ స్నేహితుడు కాదన్నది స్టార్కుని, కొంగని కాదు.

మాస్టారు: నేలపట్టులో, ఉప్పలపాడులో పెలికాన్‌ని గూడబాతు అంటారు. చేలోకి నీళ్లు తోడే గూడలాంటి సంచి దాని మూతికింద వేలాడుతుంది. అది బాతు కాదని ఎవరూ పేరు మార్చలేదే! పొడుగు కాళ్లతో నీళ్లలో కదలకుండా నిలబడి చేపకోసం కాచుకుంటే తెలుగువాడికి అది కొంగ. ఇదీ గంటల తరబడి చేసే పని అదే.

ప్రశ్న అడిగినవారు: కొంగ తీసేసి వట్టి 'చెప్పుమూతి' అని ఒకసారి పైకి చదివాను. వంటింట్లోంచి మా ఆవిడ 'ఎవర్ని తిడుతున్నారు?' అంది. కొంగ ఉంచేస్తున్నానండీ.