రిలీజ్ మెడికల్ బోర్డు ‘సర్వీసుతో సంబంధం లేదు’ అని రాసింది: ఇప్పుడు అప్పీలుకు దారి ఉందా?

ప్రశ్న (కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా)

పెద్దలందరికీ నమస్కారం. మా నాన్నగారు సైన్యంలో 24 ఏళ్లు పనిచేసి 2019లో హవల్దారుగా ఇంటికి వచ్చారు. సర్వీసు చివరి ఏళ్లలో రక్తపోటు బయటపడి ఆయనను లో మెడికల్ క్యాటగిరీలో (పూర్తి ఆరోగ్య అర్హత లేనివారి కోవలో) పెట్టారు. విరమణ వేళ ఆరోగ్యాన్ని పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు వైకల్యం 30 శాతమనీ, జీవితాంతం ఉంటుందనీ రాసి, అదే కాగితంలో అది సర్వీసు వల్ల వచ్చినదీ కాదు, సర్వీసు వల్ల ముదిరినదీ కాదు అని తేల్చింది. కారణం రాయవలసిన గడిలో ‘పీస్ స్టేషన్‌లో ఉండగా మొదలైంది’ అన్న ఒక్క ముక్కే ఉంది (పీస్ అంటే మామూలు శాంతి ప్రాంతం, ఫీల్డ్ అంటే సైనిక చర్యలకు సిద్ధంగా ఉండే ప్రాంతం). సర్వీసు పింఛను వస్తోంది గాని వైకల్య పింఛను రాలేదు. మొదటి అప్పీలును 2021లో తోసిపుచ్చితే, ‘సర్కారుతో మనకెందుకమ్మా తగువు’ అని ఆయన ఆ ఉత్తరాన్ని ట్రంకు పెట్టెలో పడేశారు. ఇప్పుడు గడువు మించిపోయినట్టేనా?

ఇంకొక సంగతి. నిరుడు ఒక అర్ధరాత్రి ఆయనకు ఛాతీ నొప్పి వస్తే దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము. అది ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) జాబితాలో లేదు. పెట్టిన బిల్లులో సగానికి పైగా కోసేశారు. దీనికి ఏమైనా మార్గముందా?

సమాధానం (మాజీ సుబేదార్, విజయనగరం)

అమ్మా, ముందు ఆ ట్రంకు పెట్టె తెరిచి బోర్డు ప్రొసీడింగ్స్ మొదటి భాగం చూడండి. నాన్నగారు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎక్కడ పనిచేశారో అక్కడ ఒక పట్టిక ఉంటుంది. ప్రతి వరుసలోనూ పీస్ అయితే ‘పీ’ అనీ, ఫీల్డ్ అయితే ‘ఎఫ్’ అనీ రాసి ఉంటుంది. జబ్బు మొదలైనట్టు రాసిన తేదీకి ముందు వరుసలో ఏముందన్నదే మీ కేసుకు ఆయువుపట్టు. కాగితాలు పోయి ఉంటే సమాచార హక్కు చట్టం కింద రికార్డ్స్ ఆఫీసును అడగవచ్చు.

నాన్నగారు విరమించిన నాటికి అమల్లో ఉన్న మెడికల్ ఆఫీసర్ల మార్గదర్శిక, ఫీల్డ్ ఏరియాలోనో, ఎత్తైన మంచు ప్రాంతంలోనో, ఉగ్రవాద నిరోధక చర్యలు జరిగే చోటనో పనిచేస్తుండగా వచ్చిన ప్రైమరీ హైపర్‌టెన్షన్‌ను (మరో జబ్బు వల్ల కాకుండా దానంతట అదే వచ్చే రక్తపోటును) సర్వీసు వల్ల ముదిరినట్టు పరిగణించాలంటుంది. అలాంటి చోట్ల దీర్ఘకాలం పనిచేశాక బయటపడే సందర్భాలూ ఉంటాయని ఆ మార్గదర్శికే ఒప్పుకుంది. లేహ్‌లో రెండేళ్లు గడిపి పీస్‌కు వచ్చిన జవానుకు మొదటి వార్షిక పరీక్షలో బీపీ కనబడితే, అది పీస్‌లోనే పుట్టిందనడం నా మటుకు నాకు హాస్యాస్పదంగా తోస్తుంది.

ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన తీర్పును తప్పక ఉదహరించండి. భర్తీనాటి వైద్య పత్రాల్లో జబ్బు ఊసే లేకపోతే మనిషి అప్పటికి ఆరోగ్యంగానే ఉన్నాడని భావించాలనీ, కాదని చూపవలసిన భారం ప్రభుత్వానిదేననీ ఆ తీర్పు సారాంశం. ఆ కేసులోనూ బోర్డు కారణం రాయలేదు.

డబ్బు సంగతీ చెబుతాను. నూరు శాతం వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం ఇస్తారు. లెక్కకు వచ్చే వేతనం 40,000 రూపాయలనుకుంటే అది 12,000. నాన్నగారి 30 శాతానికి 3,600 వస్తుంది. రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరులో వచ్చిన తీర్పు ప్రకారం 50 శాతానికి రౌండ్ చేస్తే అది 6,000 అవుతుంది, దాని మీద డీఆర్ (కరువు ఉపశమనం) అదనం. రౌండింగ్‌ను వాళ్లంతట వాళ్లే ఇస్తారనుకోకుండా అప్పీలులోనే విడిగా కోరండి.

సమాధానం (న్యాయవాది, శ్రీకాకుళం)

సుబేదార్ గారు చెప్పింది సరైనదే గాని ధరమ్‌వీర్ సింగ్ తీర్పును మంత్రదండంలా చూడవద్దు. భర్తీ సమయంలో పరీక్ష చేసినా దొరకని జబ్బులు కొన్ని ఉంటాయనీ, ప్రతి కేసునూ దాని వాస్తవాలతోనే చూడాలనీ 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో అదే సుప్రీంకోర్టు అన్నది. అవతలి పక్షం ఆ తీర్పును తెచ్చి ముందు పెడుతుంది. కాబట్టి మీ బలం ఆ పోస్టింగుల పట్టికలోనే ఉంది, తీర్పులు దానికి తోడు మాత్రమే.

గడువు విషయానికి వస్తే, తిరస్కరణ తర్వాత ఆరు నెలల్లో రెండో అప్పీలు వేయాలి. అది దాటిపోయింది గనుక ఆలస్యానికి కారణం వివరిస్తూ ఇప్పుడైనా వేయండి. ఈ మెట్టు ఎక్కకుండా సాయుధ దళాల ట్రైబ్యునల్‌కు వెళితే, అందుబాటులో ఉన్న మార్గాలన్నీ వాడుకోలేదన్న అభ్యంతరం మొదటి రోజే వస్తుంది. రెండో అప్పీలుకు ఆరు నెలలు జవాబు రాకపోయినా ట్రైబ్యునల్ తలుపు తట్టవచ్చు. మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది. పింఛను నెలనెలా అందవలసినది కనుక ఆలస్యమైనంత మాత్రాన హక్కు చచ్చిపోదు. అయితే తర్సేమ్ సింగ్ కేసు (2008) తర్వాత బకాయిలను సాధారణంగా దరఖాస్తుకు ముందటి మూడేళ్లకే పరిమితం చేస్తున్నారు. అంటే మీరు జాగు చేసిన ప్రతి నెలా ఒక నెల బకాయి జారిపోతూనే ఉంటుంది.

సమాధానం (ఒక నాయక్ గారి భార్య, బొబ్బిలి)

చెల్లీ, బిల్లు గురించి నాకు తెలిసినది చెబుతాను. జాబితాలో లేని ఆసుపత్రిలో ప్రాణాపాయ స్థితిలో చేరితే 48 గంటల్లో పాలీక్లినిక్‌కు తెలపాలి. ఆసుపత్రి ఇచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, అసలు రసీదులు క్లెయిముతో పెట్టాలి. డబ్బు సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పింఛనుదారుల వైద్య పథకం) రేట్ల ప్రకారమే ఇస్తారు కాబట్టి కోతంతా అన్యాయమని చెప్పలేము. ఏ పద్దు కింద ఎంత తగ్గించారో రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితం మీదనే అభ్యంతరం పెట్టండి. శివకాంత్ ఝా కేసులో (2018) సుప్రీంకోర్టు, ఆసుపత్రి జాబితాలో లేదన్న ఒక్క కారణంతో పింఛనుదారు క్లెయిమును తోసిపుచ్చరాదని చెప్పింది. అది సీజీహెచ్‌ఎస్ కేసే అయినా అభ్యంతరంలో రాయడానికి పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పట్టిక దొరికింది. జబ్బు తేదీకి నాలుగు నెలల ముందు వరకు ‘ఎఫ్’ అనే ఉంది, అంతకు ముందు వరుసలోనూ ‘ఎఫ్’ ఉంది. నాన్నగారు కూడా చూసి, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగారు. ఈ పేజీ జిరాక్సు సరిపోతుందా?

న్యాయవాది, శ్రీకాకుళం

అప్పీలుకు జిరాక్సు చాలు. దాని మీద నాన్నగారి చేత సంతకం చేయించి, అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. 2021 నాటి తిరస్కరణ ఉత్తరం జిరాక్సు కూడా జతచేసి, స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచండి. ఆరు నెలల లెక్కకు ఆ తేదీయే ఆధారం.