‘కలికి తురాయి’లో కలికి అంటే?

ప్రశ్న: రామదాసు ‘ఇక్ష్వాకుకుల తిలక’ కీర్తనలో ‘కలికి తురాయి నీకు పొలుపుగ జేయిస్తి రామచంద్రా’ అని వస్తుంది. కొన్ని పుస్తకాల్లో దీనికి ‘అందమైన తురాయి’ అని అర్థం రాశారు. కలికి అంటే సొగసుకత్తె కదా, అది రాముడి నగకు విశేషణం ఎలా అవుతుంది? ఇంకొకటి. రామదాసును గోల్కొండ సుల్తాను తానీషా ఖైదు నుంచి వదిలిపెట్టడాన్ని క్షమాభిక్ష అనవచ్చా?

జవాబు: ఇక్కడ కలికి విశేషణం కాదండీ. అది దక్కనీ ఉర్దూలోని ‘కల్గీ’, తురాయేమో ‘తుర్రా’. రెండూ తలపాగా నగలే, కానీ వేరువేరు. కల్గీ అంటే పాగా ముందు నిటారుగా నిలిచే ఈకల కుచ్చు, దాని మొదట్లో రాళ్లు పొదుగుతారు. తుర్రా అంటే పక్కకు వాలే కుచ్చు, ముత్యాల పోగులతోనో జరీతోనో చేస్తారు. రెండూ జంటగా ధరించేవి కాబట్టి మాటలూ జంటగానే తిరిగాయి. మరాఠీలో ‘కల్గీ తురా’ అని పోటీ పాటల సంప్రదాయం ఉంది. అందులో కల్గీ పక్షం శక్తిది, తురా పక్షం శివుడిది. రెండూ వేరని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మన తురాయి చెట్టుకు ఆ పేరు పెట్టిందీ పూల కుచ్చును చూసే.

జవాబు: మరి కల్గీ కలికి ఎందుకైంది అంటే, సంయుక్తాన్ని విడగొట్టడం మన నోటికి అలవాటు. జుల్మ్ జులుం అయింది, హుక్మ్ హుకుం అయింది. గకారం కకారం కావడానికి తెలుగు ‘కలికి’ అప్పటికే నోట్లో ఉండటమే కారణమనుకుంటాను. ఆ చరణంలో ఇంకో అవసరం కూడా ఉంది, ప్రాస. రెండో పాదం ‘నీవు కులుకుచు తిరిగెద వెవరబ్బ సొమ్మని’. ‘నీవు’ను ఊతపదంగా పక్కన పెడితే ‘కలికి’కి ‘కులుకుచు’ సరిపోయింది, రెండో అక్షరం లకారం. ‘కల్గి’ అని ఉంటే అక్కడ ల్గ వచ్చి ప్రాస చెడుతుంది. పల్లవిలోనూ ఇదే పద్ధతి: ‘ఇక్ష్వాకు’కు జత ‘నన్ను రక్షింప’, అక్కడ ‘నన్ను’ ఊతం. కాబట్టి పాఠాన్ని ‘కల్గీ’ అని దిద్దకండి. అర్థం చెప్పేటప్పుడు విప్పి చెబితే చాలు.

ఆ నగ ఎవరిదో కూడా చూడాలి. కల్గీ, తుర్రా దర్బారు మర్యాదలు. ప్రభువు మెచ్చినవాడికి తన చేత్తో ఇచ్చేవి. వాటిని సర్కారు పైకంతో రాముడికి చేయించినవాడు ఖైదులో దెబ్బలు తింటూ లెక్క అప్పజెబుతున్నాడు. కీర్తన నిండా ఆ లెక్కే: సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలు, శత్రుఘ్నుడి మొలతాడుకు పదివేల మొహరీలు. వరహా దక్షిణాది బంగారు నాణెం, మొహరీ మొగలు నాణెం. రెండూ ఒకే పాటలో పడటం ఆనాటి కచేరీ మనిషి నోటికి సహజమే. కలికి తురాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ధర చెప్పడు, ‘ఎవరబ్బ సొమ్మని’ అని నిలదీస్తాడు. మరుసటి చరణం దశరథుణ్ణి, జనకుణ్ణి పేరుపెట్టి అడుగుతుంది కనుక అక్కడ అబ్బ అంటే అచ్చంగా తండ్రే. నాకు ఈ కీర్తనలో అన్నిటికంటే బలమైన చోటు ఇదే.

జవాబు: రెండో ప్రశ్నకు. క్షమాభిక్ష అనకూడదనే నా అభిప్రాయం. గోపన్న (రామదాసు అసలు పేరు) పాల్వంచ పరగణా తాసీల్దారు, అతని మీద పడ్డది శిస్తు బకాయి. అలాంటి ఉద్యోగిని బకాయి తీరేదాకానో, జామీను దొరికేదాకానో ఖైదులో ఉంచేవారు. తానీషా మంత్రులు అక్కన్న మాదన్నలు అతని మేనమామలని సంప్రదాయం చెబుతుంది, అయినా ఆ బంధుత్వం బాకీని కొట్టివేయలేదు. కథలో కూడా రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి రసీదు తీసుకుంటారు. అది చెల్లుచీటి. క్షమలో తప్పు ఉంటుంది, దాన్ని ప్రభువు మన్నిస్తాడు. చెల్లుచీటి తర్వాత బాకీయే ఉండదు. తానీషా గద్దెనెక్కింది 1672లో. కథ చెప్పే 12 ఏళ్ల ఖైదును ఆ పాలనలోనే లెక్కిస్తే విడుదల 1684కు ముందు పడదు. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది 1687లో.

ఆ తర్వాత తానీషాయే ఖైదీ అయ్యాడు. ఔరంగజేబు ఆయన్ని దౌలతాబాదు కోటలో చీనీమహల్‌లో ఉంచి ఏటా 50,000 రూపాయల భత్యం ఏర్పాటు చేశాడు. అంతస్తుకు తగ్గ వసతి దొరికింది కానీ చనిపోయేదాకా విడుదల లేదు. దానికి సరైన మాట ‘నజర్‌బందు’. రామదాసుది ‘ఖైదు’. వ్యాసాల్లో రెంటినీ ‘కారాగారం’ అనేస్తే ఈ తేడా పోతుంది.

జవాబు: అచ్చువేసేవారికి ఒక మాట. ‘కలికితురాయి’ అని కలిపి రాయండి. విడదీస్తే చదివేవాడు కలికిని విశేషణమే అనుకుంటాడు. అర్థం దగ్గర ‘తలపాగా మీది ఈకల కుచ్చు, జాలరు కుచ్చు’ అనండి. ‘కిరీటం’ అని మాత్రం రాయకండి, ఇది పాగాకు పెట్టే నగ.