మా పిన్ని ఫ్యామిలీ పెన్షన్ పేరు తేడా వల్ల ఆగింది, తెలిసినోళ్ళు చెప్పండి

అన్నలూ అక్కలూ నమస్తే, మాది చీమకుర్తి దగ్గర పల్లెటూరు. మా బాబాయి మద్రాస్ రెజిమెంట్‌లో చేసి రిటైరయ్యాడు, 1987లో శాంతిసేనతో శ్రీలంక పోయి కాలికి గాయంతో వచ్చాడు, ఆ తర్వాత రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తుంటే పిన్నే పక్కన కూర్చుని తెల్లారేదాకా వీపు నిమిరేది, ఆమె పడ్డ కష్టం ఏ రికార్డులోనూ ఉండదు. మొన్న సంక్రాంతి తర్వాత ఆయన పోయాడు, పెన్షన్ ఆగిపోయింది.

సమస్య ఏందంటే బాబాయి ఆర్మీ నుంచి రిటైరైనప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కులో పిన్ని పేరు సుబ్బమ్మ, ఆధార్‌లో, బ్యాంకులో వెంకటసుబ్బమ్మ. స్పర్శ్‌లో, అదే మిలిటరీ పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో, ఫ్యామిలీ పెన్షన్‌కి అప్లై చేస్తే పేరు కలవట్లేదని తిప్పి పంపారు. ఒకాయన నోటరీ అఫిడవిట్ చాలంటాడు, ఇంకొకాయన పేపర్లో ప్రకటన కూడా వేయించమంటాడు, మరొకరేమో తమిళనాడు వెల్లింగ్టన్‌లో ఉన్న రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకి రాయమంటారు. ఒంగోలు మూడుసార్లు తీసుకెళ్ళాను, బస్సులో ఆ బుక్కు పాత తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటది. "ఇన్నేళ్ళు కాపురం చేశాక నేనెవరో రుజువు చూపించమంటన్నారేందిరా అబ్బయ్యా" అంది, నాకు నోట మాట రాలా.

ఇట్లాంటిది మీ ఇంట్లో ఎవరికన్నా జరిగిందా, ఏ కాగితం ముందు, ఎక్కడ ఇవ్వాలి? ఈలోపు పిన్ని బీపీ మందులకి ఈసీహెచ్‌ఎస్ కార్డు (మాజీ సైనికుల కుటుంబాలకి వైద్యం కోసం ఇచ్చేది) పనిచేస్తదా? మన ప్రకాశం, నెల్లూరు వైపు మాజీ సైనికులు ఎవరన్నా ఉంటే ఒక్కమాట చెప్పండి, ఏజెంట్లు మాత్రం వద్దు, ఇప్పటికే ఒకడికి ఐదువేలు ఇచ్చి మోసపోయాం.