20 మందికి చేరితే పీఎఫ్ లెక్క ఎలా?

ఆటోనగర్ షెడ్డు:
బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు. మస్టర్‌లో 18 మంది, జీతం తలా 14,000. ఇంకో ముగ్గురు వెల్డర్లు కావాలి. వాళ్లను కాంట్రాక్టరు కింద పెడితే పీఎఫ్ తప్పుతుందా?

జీతాల లెక్క:
తప్పదండీ. 20 మంది ఉంటే పీఎఫ్ తప్పనిసరి, కాంట్రాక్టు వాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు. ఒకసారి వర్తించాక మనుషులు 15కి తగ్గినా పీఎఫ్ పోదు. మీ వాటా 12 శాతం, అంటే తలా 1,680; అడ్మిన్ ఛార్జీలు, బీమా అదనం. ప్రతి నెలా 15వ తేదీలోపు చలానా కట్టాలి. లేటయితే ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన జరిమానా. అప్పుడు పాత నెలల కార్మికుల వాటా కూడా వాళ్ల జీతంలో కోయడానికి లేదు, మీ జేబులోంచే.

ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) అయితే 10 మంది ఉన్నా చాలు, వర్తిస్తుంది. మీది 3.25 శాతం (455), వాళ్లది 0.75 (105). ఇంకా మొదలుపెట్టకపోతే ముందు అది చూడండి. వెల్డింగ్‌లో కన్ను దెబ్బతింటే ఆదుకునేది అదే.

గుంటూరు ఆడిటింగ్:
20వ మనిషి వచ్చాడంటే ఖర్చు అతనొక్కడికే కాదు, అందరికీ పడుతుంది. 21 మందికి మీ వాటానే నెలకు 35,280. చాలా షెడ్లు 19 దగ్గరే ఆగడానికి కారణం ఇదే. ఫ్రాన్స్‌లోనూ 50 మంది గీత ముందు కంపెనీలు ఆగిపోయేవి; 2019 చట్టంతో, వరుసగా ఐదేళ్లు దాటితేనే చాలా బాధ్యతలు వర్తించేలా మార్చారు. పీఎఫ్‌కి మాత్రం ఆ పద్ధతి వద్దంటాను, ఐదేళ్ల పొదుపు పోయేది కార్మికుడికే. యజమాని వాటాను ఏడాదికింత చొప్పున పెంచుకుంటూ పోతే ఉద్యోగాలూ ఆగవు.