జుట్టు జిగురు, బ్రష్‌కి బూజు, గడ్డానికి గాట్లు: ప్లాస్టిక్ తగ్గించబోయి ఎక్కడ పొరపాటు చేశాను?

తడిగచ్చు:
నెల కిందట ఒక ఆదివారం బాత్రూం కడుగుతూ ఊరికే లెక్కపెట్టాను. షాంపూలు, కండిషనర్, ఫేస్‌వాష్, హ్యాండ్‌వాష్, బ్రష్‌లు, రేజర్లు, ఒళ్లు రుద్దుకునే నైలాన్ పీచు, ఎంత నొక్కినా ఏమీ రాని, అయినా ఎవరూ పారేయని పేస్టు ట్యూబులు. బకెట్టు, మగ్గు కాక 27 తేలాయి. ఇంట్లో ఉన్నది నలుగురం.

ఆవేశం ఆగలేదు. సగం సగం ఉన్న సీసాలన్నీ సంచిలో కట్టి అటక మీద పడేసి, షాంపూ సబ్బు, వెదురు బ్రష్‌లు, స్టీలు రేజరు తెప్పించాను.

ఇప్పుడు చూడండి. తల ఆరాక జుట్టు పట్టుకుంటే మైనం పూసినట్టుంది, దువ్వెన పళ్ల మధ్య తెల్లగా ఏదో పేరుకుంటోంది. మా పెద్దమ్మాయి "నా తల మీద ప్రయోగాలు చాలమ్మా" అని అటకెక్కి పాత షాంపూ దించుకుంది. వెదురు బ్రష్‌లు కప్పులో ఆనే చోట నల్లబడి బూజు పట్టాయి. మావారు కొత్త రేజరుతో మొదటిరోజే గడ్డం మూడు చోట్ల కోసుకున్నారు. ఏమీ అనలేదు. అదే టెన్షన్‌గా ఉంది.

వస్తువులే మంచివి కావా, నేను వాడటంలో తేడా ఉందా?

సబ్బుపెట్టె:
మీ జుట్టు బాధ నేనూ పడ్డానండీ. "కొన్నాళ్లకు జుట్టే అలవాటు పడుతుంది" అని ఎవరో అంటే నమ్మి రెండు నెలలు భరించాను. అలవాటు పడలేదు. సంగతంతా నీళ్లలో ఉంది.

షాంపూ సబ్బు అనే ఒకే పేరుతో రెండు వేరువేరు సరుకులు అమ్ముతారు. అట్ట మీద పదార్థాలు చదవండి. మొదట్లోనే సోడియం పామేట్, సోడియం కోకోయేట్ లాంటివి ఉంటే అది నూనెల్ని క్షారంతో కలిపి చేసిన మామూలు సబ్బే. హార్డ్ వాటర్‌లో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టు కడతాయి. స్నానం చేసే చోట గోడ మీద తెల్లగా పేరుకుంటుందే, మీ దువ్వెనలోదీ అదే. సోడియం కోకోయిల్ ఐసెథయోనేట్ అని ఉంటే మాత్రం అది అసలు సబ్బు కాదు, గట్టి రూపంలో ఉన్న షాంపూ. హార్డ్ వాటర్‌లోనూ అలా తెట్టు కట్టదు. పైగా మామూలు సబ్బు పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత, 9, 10 దగ్గర ఉంటుంది. రెండో రకాన్ని 5, 6 దగ్గర ఉండేలా చేయొచ్చు, జుట్టుకి అదే నయం.

నమ్మకం కుదరకపోతే గాజు సీసాలో సగం దాకా మీ కుళాయి నీళ్లు పోసి, సబ్బు గోరంత గీరి వేసి, మూత పెట్టి గట్టిగా ఊపండి. నురగ నిలవకుండా నీళ్లు విరిగినట్టు పలుకులు కడితే తప్పు మీది కాదు. కొన్న సబ్బు పారేయకండి, చేతులు కడుక్కోవడానికి పనికొస్తుంది.

ఇక బ్రష్. వెదురంటే కర్రే కదా, తడిలో నిలబెడితే బూజు పట్టక ఏం చేస్తుంది. నల్లబడ్డవి ఇక నోట్లో పెట్టకండి. కొత్తవి విదిలించి, తుడిచి, గాలి తగిలేచోట పడుకోబెట్టండి. ఇంకో మాట, పిడి వెదురైనా కుచ్చు మాత్రం దాదాపు ఎప్పుడూ నైలానే. మట్టిలో వేసేముందు పట్టకారుతో పీకేయాలి. నేను మొదటిసారి పీకినప్పుడు అవి ఎగిరి చాపంతా పరుచుకున్నాయి. కింద కాగితం వేసుకోండి.

నున్నగడ్డం:
మీవారి కష్టం నాకు తెలుసు. ప్లాస్టిక్ రేజర్ల తల చాలావాటికి దానంతటదే వంగుతుంది, అందుకని చేతికి నొక్కడం అలవాటైపోతుంది. స్టీలుదానితో ఆ నొక్కుడే కొంప ముంచుతుంది. దాని బరువు చాలు. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండేలా పట్టుకుని, వెంట్రుక పెరిగే వైపే, చిన్న చిన్నగా లాగమనండి. దవడ దగ్గర రెండో చేత్తో చర్మం బిగించి పట్టుకోవాలి. నాకు కుదరడానికి పది రోజులు పట్టింది.

వాడేసిన బ్లేడ్లు చెత్తబుట్టలో వేయొద్దు, ఎత్తేవాళ్ల చేతులు తెగుతాయి. నేను మూతకి సన్నటి గాటు పెట్టిన రేకు డబ్బాలో వేస్తాను. నాలుగేళ్లయింది, ఇంకా నిండలేదు.

పాతమగ్గు:
మీరంతా సబ్బూ రేజరూ అంటున్నారు, నాకు ఆ అటక మీది సంచే కళ్లముందు ఉంది. ఉన్నవి మూటగట్టి కొత్తవి కొంటే తగ్గిందేముందండీ? అవి అయ్యాక ఒక్కొక్కటే మార్చాల్సింది. హ్యాండ్‌వాష్ పంపు అసలు పారేయకండి. చాలావాటి లోపల స్టీలు స్ప్రింగు, రెండు మూడు రకాల ప్లాస్టిక్ కలిసి ఉంటాయి, అందుకే రీసైకిల్ చేయడం కష్టం. నాది అరిగిపోయేదాకా నింపుకుంటాను, లేదంటే సబ్బుబిళ్లే. ట్యూబు బదులు పేస్టు బిళ్లలు కొంటే ఫ్లోరైడ్ ఉందో లేదో చూసుకోండి, కొన్నింటిలో ఉండదు.

తడిగచ్చు:
సబ్బుపెట్టె గారూ, సీసా పరీక్ష చేశాను. నురగ రెండు నిమిషాలు కూడా నిలవలేదు, పైన తెల్లటి పలుకులు. అట్ట మీద మొదటి పేరే సోడియం పామేట్! సంచి కిందికి దిగింది. పాతమగ్గు గారికి కోపం రాదంటే చెప్తా, అందులో ఫేస్‌వాష్‌లే నాలుగున్నాయి, అవి అయ్యేసరికి వచ్చే ఏడాది వస్తుంది.

మావారు ఇవాళ ఒక్కచోటే కోసుకున్నారు. మాట్లాడుతున్నారు కూడా.