భార్య ఉండగా మనిషిని కేర్ హోమ్‌లో పెట్టడం తప్పా?

తెనాలి_మరిది:
అన్నయ్యకి 2021లో బైక్ యాక్సిడెంట్ అయింది, హెల్మెట్ లేదు. రెండు ఆపరేషన్లు, 19 రోజులు ఐసీయూ. మనిషి దక్కాడు. నడుస్తాడు, తింటాడు, పదో తరగతి మాస్టార్ల పేర్లన్నీ వరసగా చెప్తాడు. కానీ పొద్దున టిఫిన్ తిన్న సంగతి గుర్తుండదు, మళ్ళీ పెట్టలేదని స్టీల్ గ్లాసు తీసి వదిన మీదకి విసిరాడు, కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. మెదడు ముందు భాగం దెబ్బతింది, కోపాన్ని ఆపుకునే శక్తి పోయింది, కావాలని చేసేది కాదు అన్నారు డాక్టర్. రాత్రి రెండింటికి లేచి డ్యూటీకి టైమైందని గేటు గడియ తీస్తుంటాడు, అందుకని వదిన చీర కొంగు ఆయన మణికట్టుకి కట్టి పడుకుంటుంది. మొన్న ఆమె ఒక్క నెల హోమ్‌లో ఉంచుదాం, నేను మా అమ్మ దగ్గరికి వెళ్ళి నిద్రపోయి వస్తా అంది. అంతే, పెద్దవాళ్ళంతా లేచారు, భార్య బతికుండగా హోమ్ ఏంటి, నలుగురూ ఏమనుకుంటారు అని. నాకైతే ఆమె అడిగింది న్యాయమే అనిపిస్తోంది. మీరేమంటారు?

గోదారి_బాబాయ్:
బాబూ, నేను ఒప్పుకోను. మా నాన్నని 40 రోజులు ఒక హోమ్‌లో ఉంచి తెచ్చాం, ఎయిర్ బెడ్ అన్నారు అన్నీ అన్నారు, తీరా చూస్తే వీపు కింద అరచేయంత పుండు. పైగా ఇలాంటివాళ్ళకి చోటు మారితే అయోమయం ఇంకా పెరుగుతుంది. ముంబై కేఈఎం ఆస్పత్రిలో, దాడిలో మెదడు దెబ్బతిని మంచాన పడ్డ అక్కడి నర్సు అరుణా శాన్‌బాగ్‌ని 1973 నుంచి 2015లో పోయేదాకా అక్కడి నర్సులే కంటికి రెప్పలా చూసుకున్నారు. రక్తసంబంధం లేనివాళ్ళే 42 ఏళ్ళు చేస్తే, సొంత మనుషులు ఇంతలోనే చేతులెత్తేస్తారా?

వరంగల్_అక్క:
బాబాయ్ గారూ, మీ నాన్నగారి విషయం చదివి బాధేసింది, ఆ భయం నిజమే. కానీ కేఈఎం నర్సులు చేసింది షిఫ్టుల్లో అండీ. డ్యూటీ అయ్యాక ఇంకో నర్సుకి అప్పజెప్పి ఇంటికి వెళ్ళి పడుకున్నారు, రిటైరైనవాళ్ళ చోట్లోకి కొత్తవాళ్ళొచ్చారు, అందుకే 42 ఏళ్ళు నడిచింది. ఈ కోడలికి ఏ షిఫ్టు ఉంది? మా ఆయన్ని ఆరేళ్ళు ఒక్కదాన్నే చూశాను, వచ్చినవాళ్ళంతా ఆయనకెలా ఉంది అనేవాళ్ళే గానీ నువ్వు తిన్నావా అన్నవాళ్ళు లేరు. ఒకసారి ఆయన్ని చెకప్‌కి తీసుకెళ్తే నా మొహం చూసి నర్సు నాకే బీపీ చూసింది, 180 ఉంది. మోసేవాడికే తెలుసు కావడి బరువు. హోమ్ వద్దనేవాళ్ళు ముందు తలా పదిరోజులు ఆ ఇంట్లో రాత్రిళ్ళు పడుకుని చూపించమనండి, అప్పుడు వద్దనే హక్కు వస్తుంది.

సదరం_క్యూలో_నేను:
డబ్బు సంగతి కూడా చెప్తాను. ఆంధ్రాలో 2024 జులై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి నెలకి 15,000 పెన్షన్, మిగతా వికలాంగులకి 6,000, సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం ఉండాలి. మీ అన్నయ్య నడుస్తాడు కాబట్టి ఆ 15,000 కిందకి రాడు, ఇక ఆ 40 శాతం రావాలంటే చేయీ కాలూ చూపిస్తే చాలదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి గానీ తలగాయం అని విడిగా పేరు లేదు. జ్ఞాపకశక్తి, ప్రవర్తన ఎలా ఉన్నాయో సైకియాట్రీ వాళ్ళతో రాయించుకుని వెళ్ళండి. అదే చట్టంలో చూసుకునేవాళ్ళకి భత్యం మాట కూడా ఉంది, కేరళలో ఆశ్వాసకిరణం అని నెలకి 600 పెట్టారు. చిన్న మొత్తమే, కానీ ఇంట్లో ఆడమనిషి చేసేది పని అని ఒప్పుకున్నట్టేగా.

తెనాలి_మరిది:
అందరికీ థ్యాంక్స్. అక్కా, మీరు చెప్పినట్టే శనివారం రాత్రి నేనే అన్నయ్య పక్కన పడుకున్నా, తువ్వాలు చివర ఆయన చేతికి కట్టుకుని. ఐదుసార్లు లేచాడు, రెండుసార్లు నన్ను నువ్వెవరు అన్నాడు. పక్క గదిలో వదిన తొమ్మిదైనా లేవలేదు, హోమ్ మాటెత్తితే మండిపడే అమ్మే రెండుసార్లు వెళ్ళి ఆమెకి ఊపిరి ఆడుతోందా అని చూసొచ్చింది.